బొబ్బిలి కుంపటి దగ్గర బంగారంలాంటి మూడు రోజులు

బొబ్బిలి అనగానే మీకు ముందు యేం గుర్తొస్తుంది? నిజం చెప్పండి! చరిత్ర పుస్తకం కాదు, వెండితెర! 1964లో యన్.టి.రామారావు, భానుమతి, యస్.వి.రంగారావు నటించిన 'బొబ్బిలి యుద్ధం'. 1982లో 'బొబ్బిలి పులి'. 1984లో 'బొబ్బిలి బ్రహ్మన్న'. 1986లో కృష్ణంరాజు 'తాండ్ర పాపారాయుడు'. 1990లో వెంకటేష్ 'బొబ్బిలి రాజా'. 1994లో బాలకృష్ణ 'బొబ్బిలి సింహం'. ఇన్నిసార్లు తెర మీద పేరు వేయించుకున్న వూరు మరొకటి వుందేమో, నాకైతే చప్పున తట్టడం లేదు. వీటిలో ఆ యుద్ధం కథ చెప్పినవి 'బొబ్బిలి యుద్ధం', 'తాండ్ర పాపారాయుడు'. మిగతా వాళ్లు ఆ పేరులోని పౌరుషాన్ని మాత్రం అరువు తెచ్చుకున్నారు.

నేను పౌరుషం కోసం వెళ్లలేదండోయ్! చెవి కమ్మల కోసం వెళ్లాను.

సంగతేమిటంటే, మా అమ్మ పుట్టిల్లు బొబ్బిలికి దగ్గర్లోనే. పెళ్లికి తాతయ్య పువ్వు కమ్మలు చేయించాడు. నేను బి.ఏ. ఆఖరు సంవత్సరంలో వున్నప్పుడు ఫీజు కోసం ఆ కమ్మలు తాకట్టుకి వెళ్లాయి. వడ్డీ పెరిగింది, గడువు దాటింది, కమ్మలు మళ్లీ యింటికి రాలేదు. అమ్మ యేనాడూ ఆ మాట యెత్తలేదు. చెవులకి వేపపుల్లంత సన్నటి రోల్డుగోల్డు రింగులు పెట్టుకుని తిరుగుతుంది. పత్రికలకి రాసుకు బ్రతికే నాలాంటి వాడికి నెలజీతం అంటూ లేదు. వ్యాసం అచ్చయితే డబ్బు, కాకపోతే టీ నీళ్లు. అయినా రెండేళ్లు కూడబెట్టి నాలుగు గ్రాముల మేలిమి బంగారం కాసు ఒకటి కొన్నాను. 2025లో పది గ్రాముల మేలిమి ధర లక్ష రూపాయలు దాటిన సంగతి మీకు తెలుసు కదా! ఆ నాలుగు గ్రాముల కోసం నేనెన్ని ఇంటర్వ్యూలు రాశానో లెక్క చెబితే నవ్వుతారు.

అమ్మ పెళ్లి ఫొటో, ఆ కాసు జేబులో పెట్టుకుని రైలెక్కాను.

కొండలు, కోట, వీణ

విజయనగరం దాటి రాయగడ వైపు వెళ్లే లైను మీద గజపతినగరం, కోమటిపల్లి, డొంకినవలస... ఆ తరువాత బొబ్బిలి జంక్షన్. ఇక్కడి నుంచే సాలూరుకి చిన్న లైను చీలుతుంది. దూరంగా తూర్పు కనుమలు నీలంగా గీత గీసినట్టు కనిపిస్తాయి. స్టేషన్ బయట ఆటోవాలా "కోటకా? యుద్ధ స్తంభానికా?" అన్నాడు. ఇక్కడికి వచ్చే కొత్తవాడు యింకెక్కడికి వెళతాడని అతని ధీమా!

వచ్చాక చూడకుండా వుంటామా? 1757 జనవరి 24న విజయనగరం రాజు విజయరామరాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో బొబ్బిలి కోట మీద పడ్డారు. కోట నిలవదని తెలిసి, ఆడవాళ్లు పిల్లలు శత్రువు చేతికి చిక్కకూడదని లోపలివాళ్లే ప్రాణాలు తీసుకున్నారు. తరువాత తాండ్ర పాపారాయుడు విజయరామరాజు డేరాలో దూరి పగ తీర్చుకున్నాడు. మీరు సినిమాలో చూసిన కథే. 1891లో కట్టించిన స్మారక స్తంభం ముందు నిలబడితే మాత్రం పాటలు గుర్తుకు రావు. గాలి చప్పుడు తప్ప మరేమీ వినిపించదు.

ఇక గొల్లపల్లి. పనసచెక్కను తొలిచి వీణలు చేసే సర్వసిద్ధి వారి పేరు దేశమంతా తెలుసు. బొబ్బిలి వీణకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చూడటానికి జనం వెళుతూనే వుంటారు.

కానీ యీ వూళ్లో కంసాలి కుంపటిని చూడటానికి యెవరూ వెళ్లరు. పని వుంటేనే వెళతారు. నాకు పని వుంది.

"కొనడానికా? సూడ్డానికా?"

బజారులో అద్దాల తలుపుల నగల దుకాణాలు దాటి, సందులోకి తిరిగితే వొక చిన్న గది. గుమ్మం యెత్తుగా, లోపల చీకటిగా. మధ్యలో కుంపటి. పక్కన దాగలి, సుత్తులు, పట్టకార్లు, తీగ లాగే కమ్మచ్చు. ఒక మూల నల్లటి గీటురాయి. దాని పక్కనే అద్దాల పెట్టెలో ఎలక్ట్రానిక్ త్రాసు! తాతని, మనవడిని వొకే బెంచీ మీద కూర్చోబెట్టినట్టుంది. ఊదుగొట్టం గోడకి వేలాడుతోంది. ఇప్పుడు దాని పని గ్యాసు మంట చేస్తోంది.

ఆయనకి డెబ్బయ్యేళ్లు. పేరు పత్రికలో వెయ్యొద్దన్నారు కాబట్టి ఆచారిగారనే పిలుద్దాం.

"ఏటి బాబూ, కొనడానికొచ్చినారా, సూడ్డానికొచ్చినారా?"

"రెండూనండి ఆచారిగారూ!"

"సూడ్డానికి డబ్బులక్కర్లేదు. కూకోండి."

ఫొటో చేతికిచ్చాను. కంటికి భూతద్దం తగిలించుకుని చాలాసేపు చూశారు. ఈ ఫొటో చూడగానే 'ఇవి మా నాన్న చేసినవే!' అని ఆయన గుర్తుపడతారని, కళ్లు చెమరుస్తాయని నేను మనసులో వొక సినిమా సీను రాసి పెట్టుకున్నాను. ఆయన తల అడ్డంగా వూపారు.

"ఇది మా యింటి పని కాదు. ఈ పువ్వు రేక్కి అంచు లోనికి మడిసినారు సూడండి. మావోళ్లం మడవం. ఇది యింకొకళ్ల చెయ్యి. ఆ యింట్లో యిప్పుడు పన్జేసేవోళ్లు లేరు."

"ఎలా తెలుస్తుందండీ?"

"మీరు రాసింది మీకు తెలీదేటి? ఎవడో పేరు మార్చి యేసీసినా తెలుస్తాది గదా!"

నాకు జవాబు తోచలేదు. నా వ్యాసం కింద యింకొకరి పేరు చూసిన అనుభవం నాకూ వుంది మరి!

నాలుగు గ్రాముల లెక్క

కాసుని గీటురాయి మీద గీశారు. పక్కనే తెలిసిన బంగారంతో యింకో గీత. రెండింటి మీదా ఆసిడ్ చుక్క. చెక్కుచెదరలేదు. "మేలిమే" అన్నారు.

మేలిమి బంగారం మెత్తగా వుంటుంది, వంగిపోతుంది. అందుకే నగకి రాగి, వెండి కలుపుతారు. ఇరవైనాలుగు పాళ్లలో ఇరవైరెండు బంగారం అయితే 22 క్యారెట్లు. నగ మీద 916 అని చూస్తారే, అది యిదే! వెయ్యి పాళ్లలో 916 బంగారం. నా నాలుగు గ్రాముల మేలిమికి సుమారు 0.36 గ్రాము కలిపితే 4.36 గ్రాముల 22 క్యారెట్ల బంగారం అవుతుంది. ఆచారిగారు చదివింది నాలుగో తరగతి. ఈ లెక్క నోటితోనే చెప్పి, నన్ను ఫోనులో సరిచూసుకోమన్నారు. సరిపోయింది.

మూసలో కాసు వేసి, చిటికెడు వెలిగారం చల్లి, మంట పెట్టారు. అంచులు ముందు మెత్తబడ్డాయి. తరువాత ఉన్నట్టుండి కాసు ముద్దయి గిర్రున తిరిగింది, కోడిగుడ్డు సొనలాగా. రెండేళ్ల నా రాతలు అంత చిన్న చుక్కలోకి దిగిపోయాయి! గుండె ఝల్లుమందంటే నమ్మండి.

పూర్వం గురివింద గింజలతో తూచేవారట. గింజ సుమారు 0.12 గ్రాము. "గింజ అబద్ధమాడదు, మనిసి ఆడతాడు" అన్నారు త్రాసు వైపు చూసి. "ఇదీ అంతే."

తెర మీద గిల్టు, యింట్లో ఆకలి

మధ్యాహ్నం పని ఆపి, మజ్జిగ తాగుతూ పాత సంగతులు చెప్పారు.

1962లో చైనా యుద్ధం వచ్చింది. విదేశీ మారకద్రవ్యం కరువు, బంగారం దొంగ రవాణా. అప్పటి ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయ్ 1963 జనవరిలో బంగారం నియంత్రణ నిబంధనలు తెచ్చారు. 14 క్యారెట్లకి మించి కొత్త నగ చెయ్యకూడదు! 14 క్యారెట్ల పుస్తెలు యెవరు కట్టించుకుంటారు? దేశమంతా కుంపట్లు ఆరిపోయాయి. కొందరు కంసాలులు ప్రాణాలు కూడా తీసుకున్నారు.

"నాకప్పుడు ఎనిమిదేళ్లు. మా నాయన పట్టకారు మూట గట్టి అటక మీద పెట్టీసినాడు. నెల్లిమర్ల జనపనార మిల్లుకి కూలికెల్లినాడు. ఆ సన్నటి పని సేసిన యేళ్లు బస్తాలు మోసి బండబారిపోనాయి."

ఇక్కడే వుంది సినిమా మలుపు! సరిగ్గా ఆ రోజుల్లోనే, 1964 ఆఖర్లో, 'బొబ్బిలి యుద్ధం' విడుదలైంది. సినిమా తమ వూరికి వచ్చినప్పుడు తండ్రి కొడుకుని నేల టిక్కెట్టుకి తీసుకెళ్లాడట.

"అందరూ యుద్ధం సూస్తన్నారు బాబూ. రంగారావు కత్తి తీస్తే యీలలే యీలలు! మా నాయనొక్కడే భానుమతమ్మ మెడకేసి సూస్తన్నాడు. 'గిల్టువేరా, అయినా పని బాగుంది' అన్నాడు. తిరిగొచ్చీటప్పుడు దార్లో యేడ్సినాడు. నేనేమో పాపారాయుడు సచ్చిపోనాడని యేడుస్తన్నాడనుకున్నాను."

1966లో 14 క్యారెట్ల షరతు తీసేశారు. 1968లో బంగారం నియంత్రణ చట్టమే వచ్చి, లైసెన్సులు, లెక్కల పుస్తకాలు అంటూ మరికొన్నాళ్లు సాగింది. 1990లో అది రద్దయింది. తండ్రి మాత్రం షరతు తీసిన వారానికే అటకెక్కి మూట దించాడట. వేళ్లు మళ్లీ దారికి రావడానికి యేడాది పట్టింది.

అన్నట్టు, తెర మీద నగలన్నీ నిజమని భ్రమపడకండి! మచిలీపట్నం పక్కన చిలకలపూడి రోల్డుగోల్డు యెన్ని పెళ్లిళ్లలో, నాటకాల్లో మెరిసిందో లెక్కలేదు. 2008లో 'జోధా అక్బర్' కోసం తనిష్క్ వాళ్లు నగలు తయారుచేశారని అంతగా చెప్పుకున్నారంటే, మామూలుగా అలా జరగదనే కదా!

సొంత ముక్కుపుడక

రెండో రోజు సాయంత్రం వొక అమ్మాయి వచ్చింది. ఇరవై, ఇరవైరెండేళ్లు వుంటాయి. బజారులో బట్టల దుకాణంలో పనిచేస్తోంది. చంటిపిల్లగా వున్నప్పుడు ఆమె చెవులు కుట్టింది యీ ఆచారిగారే!

"తాతా, అయిపోయిందా?"

"అయ్యింది గానీ, ముందు త్రాసు సూసుకో. తాతే గదా అని నమ్మీకు."

ఆమె నవ్వుతూనే వంగి అంకెలు చదివింది. అరగ్రాము ముక్కుపుడక. ఎర్ర రాయి. రాయి పెట్టకముందు బరువు చీటీ మీద రాసి వుంచారు. అద్దం ముందు నిలబడి పెట్టుకుంది. ఇటు తిరిగి చూసుకుంది, అటు తిరిగి చూసుకుంది. మన కథానాయికలకి దర్శకుడు పదిసార్లు చెప్పినా రాని చూపు అది!

"ఎవరు కొనిపెట్టారమ్మా?" అన్నాను, మాట కలపడానికి.

"ఎవరూ కొనిపెట్టలేదండి. నాన్న పెట్టింది కాదు, రేపు అత్తారు పెట్టబోయేదీ కాదు. ఆర్నెల్లు దాచుకున్నాను. ఇది నాది."

ఆమె వెళ్లాక ఆచారిగారు కుంపటి సర్దుతూ అన్నారు: "అరగ్రాముకి నాకు మిగిలింది టీ డబ్బులు. అయితే ఆ పిల్ల రేపట్నుంచి యీ సందులో తిరుగుతాది. నా పని నా కళ్ల ముందే తిరుగుతాది. అద్దాల షాపులో బాబుకి అది దొరకదు."

పెళ్లి పుస్తెలు చేయించడానికి వచ్చేవాళ్లు మంచిరోజు చూసుకుని, బియ్యం, తాంబూలం తెచ్చి యిచ్చి బంగారం అప్పజెబుతారు. ఆ యింటి పెళ్లికి ఆయన భోజనానికి వెళతారు. కడుపు నిండిన తరువాత వధువు మెడ వైపు వొకసారి చూసి వస్తారు. అదీ జీతంలో భాగమే! ఆఖరికి గది వూడ్చిన దుమ్ము కూడా వృధా పోదు. జలగడుగు వాళ్లు ఆ దుమ్ము కొనుక్కుని, నీళ్లలో కడిగి, రవ్వలు తీసుకుంటారు. కంసాలి చీపురుకి కూడా ఖరీదుంది సుమండీ!

మీరు కొనబోతే...

పాఠకులారా, మీలో మొదటి జీతంతో అమ్మకో, చెల్లికో, మీకే మీకో కొనాలనుకునేవాళ్లు వుంటారు. ఆచారిగారు, నేను కలిసి చెప్పే నాలుగు మాటలు వినండి.

దుకాణంలో కొంటే హాల్‌మార్కు చూడండి. బి.ఐ.ఎస్. గుర్తు, 22కె916 లాంటి స్వచ్ఛత అంకె, ఆరు అక్షరాలు అంకెల హెచ్.యు.ఐ.డి. నంబరు, యీ మూడూ వుండాలి. 2021 జూన్ 16 నుంచి హాల్‌మార్కు దశలవారీగా తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ ఆరంకెల నంబరు లేని హాల్‌మార్కు నగ దుకాణం అమ్మకూడదు. ఆ నంబరుని 'బి.ఐ.ఎస్. కేర్' యాప్‌లో కొడితే నగ జాతకం బయటపడుతుంది.

ఏడాదికి 40 లక్షల లోపు వ్యాపారం చేసే చిన్నవాళ్లకి యీ నిబంధన నుంచి మినహాయింపు వుంది. అందుకే కుంపటి దగ్గర చేయించుకుంటే, నాలాగా ముద్ర వున్న మేలిమి కాసు కొని తీసుకెళ్లడం మేలు. కరిగించేటప్పుడు దగ్గరే కూర్చోండి. మంచి పనివాడు కూర్చోమనే అంటాడు.

తరుగు శాతం ముందే అడగండి. ఎనిమిది గ్రాముల నగకి పన్నెండు శాతం తరుగు అంటే 0.96 గ్రాము. మీరు మోసేది ఎనిమిది గ్రాములు, డబ్బు కట్టేది 8.96 గ్రాములకి! ఆపైన మూడు శాతం జి.యస్.టి. రాళ్ల బరువు, లోపల లక్క బరువు వేరుగా రాయించుకోండి. రాయికి బంగారం ధర కట్టి రావడం కంటే వేరే నష్టం యేముంది?

మనవడు

మూడో రోజు ఆదివారం. మనవడు విశాఖ నుంచి వచ్చాడు. ఇరవైరెండేళ్లు. అక్కడొక పెద్ద నగల షోరూములో అమ్మకాలు చూస్తాడు. చల్లటి గది, ఇస్త్రీ యూనిఫాం, నెల తిరిగేసరికి జీతం, పి.యఫ్. వాణ్ణి తప్పుపట్టడానికేముంది? ఇక్కడ పెళ్లిళ్ల కాలం తప్పితే పని అంతంతమాత్రం. గొలుసులు మిషను మీద వచ్చేస్తున్నాయి. యాభై యేళ్లకే చూపు మందగిస్తుంది, పొగకి దగ్గు పడుతుంది. ఆచారిగారి కొడుకు యీ పని వద్దనుకుని డ్రైవరయ్యాడు. ఈ యింట్లో కుంపటి యిక మనవడి మీదే ఆధారపడి వుంది.

"రోజుకి యాభై నగలు చూపిస్తానండి," అన్నాడు అతను నాతో. "అన్నీ బాగుంటాయి. ఒక్కటి కూడా యెవరు చేశారో నాకు తెలీదు. కస్టమరు అడిగితే కేటలాగు నంబరు చెబుతాను."

ఇంతలో తాతగారు లోపల నుంచి కేకేశారు. నా కమ్మల పువ్వు అంచు మడవాలి. ఫొటోలో వున్నట్టే చేస్తానని మాటిచ్చారు గానీ, ఆ సన్నటి రేకు ఆయన కంటికి ఆనడం లేదు. మనవడు చొక్కా మార్చుకుని, దాగలి ముందు కూర్చున్నాడు.

"ఇలాగేనా తాతా?"

"కొట్టీకు. నొక్కు. బంగారానికి దెబ్బ కాదు, మాట సెప్పాల."

ఎనిమిది రేకులు. ఒక్కో కమ్మకి. మొదటి రేకు చిరిగింది, మళ్లీ కరిగించారు. రెండోది వంకరపోయింది, మళ్లీ. అయిదో రేకుకి వచ్చేసరికి అతను భోజనం సంగతి మరిచిపోయాడు. సాయంత్రం నాలుగింటికి చింతపండు నీళ్లలో కడిగి, మెరుగు పెట్టి నా చేతిలో పెట్టారు. త్రాసు 4.21 గ్రాములు చూపింది. 0.15 గ్రాము తరుగు, మజూరీ వేరు. చీటీ మీద అన్నీ రాసి సంతకం చేశారు ఆచారిగారు. చీటీ కింద మనవడిని కూడా సంతకం చెయ్యమన్నారు. అతను కాస్త సిగ్గుపడి చేశాడు.

"ఉద్యోగం మానేస్తావా?" అని అడిగాను స్టేషనుకి నడుస్తూ. ఇద్దరం వొకే రైలుకి బయల్దేరాం మరి.

"ఎలా మానేస్తానండి? చెల్లి చదువుంది," అన్నాడు. కాసేపాగి, "ఆదివారాలు మాత్రం వదలను. ఆ మడత మా యింట్లో యెవరికీ రాదు. ఇప్పుడు నాకొచ్చింది," అన్నాడు. బొటనవేలికి తగిలిన చిన్న గాటుని చూసుకుంటూ విశాఖ దాకా వచ్చాడు.

యిల్లు చేరి పొట్లం విప్పి అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ వెంటనే పెట్టుకోలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెనక్కి తిప్పి, రేకు అంచుని గోటితో తడిమింది. మడత తగిలింది కాబోలు, చాలాసేపు అలాగే వుండిపోయింది.

"ఎవరు చేశారు?" అంది చివరికి.

"ఒక తాత, వొక మనవడు."

"తరుగెంత తీశారు?"

చెప్పాను. "మంచివాళ్లే," అంది అమ్మ, రోల్డుగోల్డు రింగులు తీస్తూ.